నన్నూ ముద్దాయిని చెయ్యండి

మోంట్‌ఫెరాల్,
సెప్టెంబరు, బుధవారం

వియెల్‌మోంట్ కోర్టులో గుమస్తాగా ఉన్న మదామ్ కాబ్రోల్ గారికి, మోంట్‌ఫెరాల్‌లో మేకలు పెంచుకుని బతికే ఫిర్మాన్ కజెల్ నమస్కరించి రాసుకుంటున్నది.

మీరక్కడ క్షేమమని తలుస్తాను. నేనిక్కడ క్షేమంగా లేను. దానికి కారణం మీ కోర్టే.

జులైలో సెయ్‌రాక్ దగ్గర ఒక విత్తనాల కంపెనీ ప్రయోగానికి వేసిన జన్యుమార్పిడి మొక్కజొన్నను మా ఊరివాళ్లం ముప్ఫైమందిమి పోయి కోసిపారేశాం. దొంగతనంగా కాదు. పట్టపగలు, ముఖాలకు గుడ్డలు కట్టుకోకుండా, పాటలు పాడుతూ, టీవీవాళ్లు కెమెరా సర్దుకునేదాకా ఆగి మరీ కోశాం. పోలీసులు వస్తే పారిపోలేదు. వరసగా నిలబడి మా పేర్లు మేమే చెప్పాం. మా పద్ధతి అంతే. కోసినవాడు కోశానని ఒప్పుకోవాలి, కోర్టుకు పిలిపించుకోవాలి, బోనులో నిలబడి ఫ్రాన్సు దేశానికి బుద్ధి చెప్పాలి.

నిన్న పోస్టుమ్యాన్ వచ్చాడు. ఊళ్లో అందరికీ సమన్లు ఇచ్చాడు. నాకు కరెంటు బిల్లు ఇచ్చాడు.

అమ్మా, అందరినీ పిలిచి ఒక్కణ్ణి వదిలేస్తే ఊరు ఏమనుకుంటుంది? జోసియాన్ అనే ఆవిడ నడిపే బారులో నేను అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయాయి. మా నాయకుడు తిబో మాస్టారు, పిల్లలకు తత్వశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి, నా భుజం మీద చెయ్యి వేసి, "ఫిర్మాన్, మనసులో ఏదన్నా ఉంటే చెప్పేసుకో, తేలికపడతావు" అన్నాడు. నన్ను పోలీసు ఇన్‌ఫార్మర్ అనుకుంటున్నారు. నేను నిర్దోషినని రుజువు కావాలంటే మీరు నన్ను దోషిని చెయ్యడం తప్ప వేరే మార్గం లేదు. దయచేసి తిరుగుటపాలో సమను పంపించగలరు.

గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తున్న,
ఫిర్మాన్ కజెల్

తా.క. విచారణ రోజు కోర్టు బయట సాసేజ్‌లు కాల్చి పెద్ద విందు చేస్తున్నారు. ముద్దాయిలకు వేరే బల్ల, ముందు వడ్డన. సమను లేనివాళ్లు వెనకబల్ల మీద చిన్నపిల్లలతో కూర్చోవాలట. నా వయసుకు అది బాగుండదు.

* * *

వియెల్‌మోంట్ కోర్టు,
సెప్టెంబరు, సోమవారం

శ్రీ ఫిర్మాన్ కజెల్ గారికి,

మీ ఉత్తరం అందింది. మాకు పొరపాటుగా అర్థమైందేమోనని రెండుసార్లు చదివాం. పొరపాటు కాదని తేలింది.

సమను పెళ్లిపిలుపు కాదు. అందలేదని అలగడానికి వీల్లేదు. ప్రాసిక్యూటర్ గారి దగ్గర్నుంచి వచ్చిన జాబితాలో ఉన్న పేర్లకు పంపుతాం, లేని పేర్లకు పంపం. మీ పేరు అందులో ఉండేదనీ, తర్వాత కొట్టేశారనీ కనిపిస్తోంది. ఎందుకు కొట్టేశారన్నది ఈ కార్యాలయం చెప్పవలసిన విషయం కాదు.

తమను నిర్దోషిగానే కొనసాగవలసిందిగా కోరుతూ,
గిస్లేన్ కాబ్రోల్, గుమస్తా

తా.క. 'నేను కాదు' అనేవాళ్ల కోసం మా దగ్గర అచ్చువేసిన ఫారాలున్నాయి. 'నేనే' అనేవాళ్ల కోసం ఇంతవరకూ అవసరం పడలేదు. అందువల్ల ఈ ఉత్తరం చేత్తో రాయవలసి వచ్చింది. నా చేతిరాతకు మన్నించండి.

* * *

మోంట్‌ఫెరాల్,
సెప్టెంబరు చివర

మదామ్ కాబ్రోల్ గారికి, పేరు కొట్టివేయబడిన ఫిర్మాన్ నమస్కారాలు.

కొట్టేశారని మీరు రాసిన ముక్క జోసియాన్‌కు చూపించాను, నా పేరు మొదట ఉండేదని తెలియాలని. తప్పు చేశాను. "ఉండి పోయిందంటే ఇంకేముంది, ఎవరో పెద్దవాళ్లు అడ్డుపడ్డట్టే" అంది. శుక్రవారం సంతలో నా మేకపాల చీజ్ ఒక్కరు రుచి చూడలేదు. ఎప్పుడూ నా దగ్గరే కొనే ముసలమ్మ కూడా పక్క కొట్టుకు పోయి, నాకు వినపడేట్టు, "ఇది పోలీసులు తినే చీజ్ కాదు కదా నాయనా" అని అడిగి మరీ కొంది. నలభై మేకలు. అవి పాలివ్వడం ఆపవు. చీజ్ అంతా అటకమీద పేరుకుపోతోంది. ఇలాగే రెండు నెలలు పోతే మేకల్ని అమ్ముకోవాలి.

అందుకే సాక్ష్యం పంపుతున్నాను. ఇందులో పేపరువాళ్లు తీసిన ఫొటో ఉంది. ముందు నిలబడి వేలెత్తినవాడు తిబో మాస్టారు. వెనకాల, ఎడమవైపు, గడ్డిటోపీ నేను.

ఆ రోజు జరిగింది కూడా వివరంగా రాస్తాను, మీకు అనుమానం లేకుండా. ఎక్కడికి పోతున్నామో ముందుగా ఎవరికీ చెప్పరు. కార్లన్నీ వరసగా బయల్దేరతాయి, చివరి కూడలిలో నాయకుడు ఊరిపేరు చెబుతాడు. ఆ చుట్టుపక్కల నేనెప్పుడూ తిరగలేదు. మా ఆవిడ ఒదిల్ వాళ్ల మేనత్త ఒకావిడ అటువైపే ఎక్కడో ఉండేదట. ఆవిడతో మాకు రాకపోకలు లేవు, నిరుడు పోయింది కూడా. ఆ కాగితాలూ నోటరీలూ అన్నీ ఒదిల్ చూసుకుంటుంది. నేను నోటరీ గుమ్మం తొక్కనని చిన్నప్పుడే నిర్ణయించుకున్నాను.

సాయంత్రం ఇంటికొచ్చి భోజనం దగ్గర గర్వంగా చెప్పాను. ఏ ఊరని అడిగింది. సెయ్‌రాక్ అన్నాను. సూపు వడ్డిస్తున్న గరిటె గాల్లోనే ఆగిపోయింది. నాకేమైనా అవుతుందని భయపడింది పాపం. అంత ప్రేమ నేనంటే.

సమను మీద ఆశ వదులుకోని,
ఫిర్మాన్

తా.క. ఆ రోజునుంచి ఒదిల్ నా సూపులో ఉప్పు వెయ్యడంలేదు. ఎందుకంటే, "జైల్లో వెయ్యరు, అలవాటు చేసుకో" అంటుంది. ఆమె కూడా నాకు సమను వస్తుందనే నమ్ముతోంది, మీరే నమ్మడంలేదు. కిందటినెల పన్ను చూపించుకోవడానికి మీ ఊరికే వచ్చింది. మీ ఊరి పళ్ల డాక్టరు మంచివాడల్లే ఉన్నాడు, ఏ పన్నో కూడా తెలియకుండా నయం చేశాడు.

* * *

వియెల్‌మోంట్ కోర్టు,
అక్టోబరు, గురువారం

శ్రీ కజెల్ గారికి,

ఫొటో అందింది. భూతద్దంతో చూశాం. టోపీ ఉన్నమాట నిజమే. టోపీ మీద కేసు పెట్టే వీలు చట్టంలో లేదు. టోపీ కింద మనిషి ఉన్నాడని ఒప్పుకున్నా, ఆ మనిషి గట్టు మీద కూర్చుని ఏదో తింటున్నట్టు కనిపిస్తోంది. తినడం నేరం కాదు.

తమ ఓర్పును అభ్యర్థిస్తూ,
గి. కాబ్రోల్

తా.క. ఇది కార్యాలయం తరఫున కాదు, నా తరఫున. నిన్న ప్రాథమిక విచారణలో కంపెనీ వకీలు గారు ఈ మొక్కజొన్న ప్రపంచంలో ఆకలన్నదే లేకుండా చేస్తుందని గంటసేపు చెప్పారు. తర్వాత మా క్యాంటీన్‌కు వచ్చి, కోడిమాంసం సేంద్రియం కాదని తెలిసి, భోజనం చెయ్యకుండా వెళ్లిపోయారు.

* * *

మోంట్‌ఫెరాల్,
అక్టోబరు, ఆదివారం

అమ్మా కాబ్రోల్ గారూ, ఫిర్మాన్ దండం పెట్టి రాస్తున్నాడు.

ఆ వకీలు సంగతి చదివి నవ్వుకున్నాను. తర్వాత తలెత్తి మా ఊరిని చూసుకుంటే నవ్వు ఆగిపోయింది. మా ఊరి పొలిమేరలో 'జన్యుమార్పిడి లేని గ్రామం' అని పెద్ద బోర్డు పెట్టుకున్నాం. ఊళ్లో ప్రతి కోడీ తినే సోయా సముద్రం దాటి ఓడలో వస్తుంది. అది ఎలాంటి సోయానో బస్తా మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఆ అక్షరాలు చదివేంత చూపు మా ఊళ్లో ఎవరికీ లేదు. తిబో మాస్టారికి కళ్లద్దాలున్నాయి కానీ ఆయన కోళ్లను పెంచడు, తింటాడంతే.

ఇక ఫొటోలో కూర్చున్నానని మీరన్నారు కనుక నిజం చెప్పేస్తున్నాను. నాకు కుడి మోకాలు పనిచెయ్యదు. అందరూ పాటలు పాడుతూ లోపలికి పోయారు. నేను గట్టువెంబడి చివరి వరసలు కోసి కూలబడ్డాను. కానీ అమ్మా, చివరివైనా వరసలే కదా. బాగా కోశాను. కావాలంటే నేరం చేసిన కొడవలిని పార్సెల్‌లో పంపుతున్నాను. మా మామగారి కొడవలి, పదును చూసుకోండి. పార్సెల్లో ఖాళీ మిగిలిపోతే బాగుండదని రెండు చీజ్‌లు కూడా పెట్టాను.

మోకాలికి క్షమాపణలతో,
ఫిర్మాన్

తా.క. నిన్న పేకాటకు నలుగురు కావలసివస్తే ముగ్గురితో ఆడారు. నాలుగో మనిషి ముక్కలు ఖాళీ కుర్చీకి పంచారు. ఆ కుర్చీ గెలిచిందట.

* * *

వియెల్‌మోంట్ కోర్టు,
అక్టోబరు, శుక్రవారం

శ్రీ కజెల్ గారికి,

పార్సెల్ అందింది. అందకముందే వాసన అందింది.

ప్రభుత్వోద్యోగికి తినుబండారాలు పంపడం లంచం కిందికి వస్తుంది. కేసు తప్పించుకోవడానికి లంచం ఇస్తే ఏం చెయ్యాలో మాకు తెలుసు. కేసు పెట్టించుకోవడానికి ఇస్తే ఏం చెయ్యాలో తెలియక మంత్రిత్వశాఖకు రాశాం. జవాబు వచ్చేలోగా చీజ్‌లను సాక్ష్యాల గదిలో ఉంచాం. అక్కడి గుమస్తా వాటిలో ఒకటి 'పరిశీలనలో ఖర్చయింది' అని రాశాడు.

అసలు విషయం. ప్రయోగం వేసే పొలం చుట్టూ అడ్డుగా కొన్ని వరసలు మామూలు మొక్కజొన్న వెయ్యాలని నిబంధన. మీరు కోసింది ఆ వరసల్ని. అంటే మీరు మీ తాతలు తిన్న మొక్కజొన్ననే కోశారు. కంపెనీవారి ఫిర్యాదు తమ పంటకు మాత్రమే. గట్టువరసలు కంపెనీవి కావు, ఆ నేల చెక్క సొంతదారువి. ఆ సొంతదారు ఫిర్యాదు చెయ్యలేదు. అందుకే మీ పేరు కొట్టేశారు.

మీకు ఊరట కలుగుతుందని ఆశిస్తూ,
గి. కాబ్రోల్

తా.క. రెండో చీజ్ ఆరోగ్యం విషయంలో ఆందోళనగా ఉంది. గది తాళంచెవి ఆ గుమస్తా దగ్గరే ఉంది.

* * *

మోంట్‌ఫెరాల్,
నవంబరు మొదట

మదామ్ కాబ్రోల్ గారికి,

ఇందులో ఊరట ఎక్కడుందో వెతికాను. దొరకలేదు.

మామూలు మొక్కజొన్న కోశానా? ఈ మాట ఊళ్లో తెలిస్తే ఇన్‌ఫార్మర్‌గానైనా మిగలను, వెర్రివాడిగా మిగులుతాను. నేను ఒప్పుకోను. పరీక్ష చేయించండి. గుర్తుగా ఉంటుందని ఒక కంకి ఇంటికి తెచ్చుకున్నాను, దాన్ని పంపుదామంటే మేక తినేసింది. మేకను పంపనా? రైల్లో దానికి టిక్కెట్టు నేనే కొంటాను. ఆ కంకి జన్యుమార్పిడిదేనని తేల్చండి తల్లీ. ఆ విత్తనం భూమ్మీద ఉండకూడదని రెండేళ్లుగా ఊరేగింపుల్లో అరిచాను. ఇప్పుడు నా కంకి అదే అయ్యుండాలని మేరీమాతకు కొవ్వొత్తి వెలిగించి వచ్చాను. ఎవరికీ చెప్పకండి.

తిబో మాస్టారు నిన్న సమావేశం పెట్టి, ఎవరి పేరూ ఎత్తకుండా, నావైపే చూస్తూ ముప్పావుగంట నమ్మకద్రోహం గురించి మాట్లాడాడు. కుర్రకారు మా పాలక్యాను మీద 'గూఢచారి' అని రంగుతో రాశారు. చీజ్ కొనేవాళ్లు లేరు. పది మేకల్ని బేరం పెట్టాను.

నాకొక్క ఉపకారం చెయ్యండి. ఆ సొంతదారు పేరు చెప్పండి. పోయి కాళ్లు పట్టుకుంటాను. ఒక్క మోకాలే వంగుతుంది, దాంతోనే పట్టుకుంటాను. "అయ్యా, నీ పంట నాశనం చేసినవాణ్ణి నేనే, నా మీద ఫిర్యాదు చెయ్యి" అని బతిమాలతాను. తన పంట పోయినా నోరెత్తనివాడు ఎలాంటి మనిషై ఉంటాడో నాకు అర్థం కావడంలేదు. పిరికివాడై ఉండాలి, లేకపోతే కంపెనీ డబ్బు తిన్న సిగ్గులేనివాడై ఉండాలి.

ఆ ఒక్క పేరు కోసం చెయ్యి చాస్తున్న,
ఫిర్మాన్

తా.క. కొడవలి మీకు పంపానని ఒదిల్‌కు ఇవాళే తెలిసింది. తెలిసిన మరుక్షణం ఆమెకు ఇంకో పన్ను నొప్పి మొదలైంది. రేపే మీ ఊరు వస్తోంది.

* * *

వియెల్‌మోంట్,
నవంబరు, మంగళవారం

ఫిర్మాన్ గారికి,

సొంతదారు పేరు చెప్పడానికి నాకు అధికారం లేదు. కానీ ఆవిడ నిన్న మళ్లీ మా కార్యాలయానికి వచ్చారు. తమ వాంగ్మూలాన్ని ఉన్నదున్నట్టు మీకు పంపమని అడిగారు. పంపుతున్నాను.

"ఆ గట్టువరసలు నావి. మా మేనత్త పోతూపోతూ రాసిచ్చిన చెక్క అది. కంపెనీవాళ్లు అక్కడ మామూలు మొక్కజొన్న వేసుకోమని, అడ్డుగా ఉన్నందుకు కౌలిస్తామని అడిగారు. ఇచ్చాను. ఆ వారమే మా మేకలపాక కప్పు కూలింది. మా ఆయన ఇంట్లో లేడు. లోకాన్ని బాగుచెయ్యడానికి ఏదో ఊరేగింపుకు పోయాడు. కప్పు వేయించాను. వచ్చి చూసి, 'బాగుందే' అన్నాడు. ఎలా లేచిందని ఇవాళ్టిదాకా అడగలేదు. ఆయన లెక్కలో కప్పులు వాటంతటవే లేస్తాయి. ఇప్పుడు నా పంట నాకే చెప్పి మరీ కోసొచ్చాడు. కేసా? వద్దండీ. జైల్లో పెడితే అక్కడివాళ్లకు ఉపన్యాసాలిస్తాడు, వాళ్లేం పాపం చేశారు. మోకాలు కూడా బాగాలేదు మనిషికి. శిక్ష ఇంట్లోనే మొదలుపెట్టాను, ఉప్పు ఆపేశాను. కొడవలి మాత్రం మా నాన్నది, పిడి మీద గుర్తుంది, తిరిగిప్పించండి."

కొడవలి ఆవిడకు ఇచ్చేశాం.

ఇప్పుడు మీ ఇష్టం. మీరు సమనుకే పట్టుబడితే ఈ వాంగ్మూలాన్ని విచారణ రోజు అందరిముందు చదవాలి. మీరు నిజంగా కోశారని, ఇన్‌ఫార్మర్ కారని మీ ఊరంతా వింటుంది. ఆ చెక్కను ఎవరు, ఎందుకు కౌలుకిచ్చారో కూడా వింటుంది. వద్దంటే కాగితం బీరువాలోనే ఉంటుంది. తిరుగుటపాలో తెలియజెయ్యండి.

మీ మంచి కోరే,
గిస్లేన్

తా.క. కొత్త జడ్జిగారు వచ్చారు. ఆయనకు పాటలు నచ్చవట. ఈసారి నిజంగానే జైలు వెయ్యవచ్చని వరండాలో అనుకుంటున్నారు. మంత్రిత్వశాఖ ఇంకా జవాబివ్వలేదు, రెండో చీజ్ కోసం ఇక అడగకండి.

* * *

మోంట్‌ఫెరాల్,
నవంబరు, శనివారం

మదామ్ గిస్లేన్ గారికి, ఫిర్మాన్ కజెల్ నిండు మనసుతో నమస్కరించి రాస్తున్నది.

మీ ఉత్తరం మేకలపాకలో చదివాను. చదివాక తలెత్తి కప్పును చూశాను. ఇన్ని రోజులూ దాని కిందే పాలు పిండుతూ దాన్ని చూడలేదు. మంచి పెంకులు వేయించింది. సిగ్గుతో చచ్చిపోయాను. మీకు రాసిన ఆ 'సిగ్గులేనివాడు' అన్న మాట ఉన్న కాగితాన్ని దయచేసి చింపెయ్యండి.

లోపలికి పోయి ఒదిల్‌తో, "కప్పు గట్టిగా వేశారు" అన్నాను. ఆమె ఉప్పుడబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. ఈ మనిషిని ఇన్నేళ్లూ ఇంట్లో పెట్టుకుని నేను పక్క జిల్లాల పొలాలు కాపాడుతున్నాను.

సమను వద్దు. ఆ కాగితాన్ని బీరువాలో అట్టడుగున పెట్టి పైన బరువు పెట్టండి. ఇన్‌ఫార్మర్‌ను మా ఊరు ఎప్పటికైనా క్షమిస్తుంది, యుద్ధకాలంలో శత్రువుకు పేర్లందించినవాళ్లను కూడా క్షమించి ఒకణ్ణి మేయర్‌ను చేసుకున్నారు. కంపెనీకి చెక్క కౌలుకిచ్చిన ఆడదాన్ని మాత్రం చచ్చేదాకా క్షమించరు. అందుకని నిన్న జోసియాన్ బారుకు పోయి, అందరూ వినేట్టు, "అవును, నేనే ఇన్‌ఫార్మర్‌ని, ఏంటట?" అన్నాను. తిబో మాస్టారి మీద పాత కోపం ఉన్న కసాయి ఒకడు లేచి నాకు కుర్చీ జరిపాడు.

మీ కొత్త జడ్జి సంగతి ఊళ్లోకి ఎలా పాకిందో తెలియదు, రాత్రికి రాత్రే పాకింది. పొద్దున్నే మొదటి ముద్దాయి వచ్చాడు. మూడు చీజ్‌లు కొని, మేకల్ని మెచ్చుకుని, వెళుతూ వెళుతూ, "నీకు పోలీసుల్లో పలుకుబడి ఉంది కదా ఫిర్మాన్, నా పేరు మెల్లిగా..." అన్నాడు. తర్వాత రెండోవాడు. మధ్యాహ్నానికి పాక ముందు వరస. అందరూ ఒకరినొకరు చూసి చీజ్ కోసమే వచ్చామని చెప్పుకున్నారు. పాలక్యాను మీద రంగు రాసిన కుర్రాడే దాన్ని కడిగి తెచ్చాడు. అటక ఖాళీ అయింది. మేకల బేరం మానుకున్నాను.

చివర, చీకటి పడబోతుండగా తిబో మాస్టారు వచ్చాడు. ముందు స్వేచ్ఛ గురించి కొంత చెప్పాడు. తర్వాత తనకు గుండె బలహీనమనీ, జైలు గదులు చెమ్మగా ఉంటాయనీ చెప్పాడు. ఆ రోజు తను పొలంలో వేలెత్తాడు తప్ప కొడవలి ఎత్తలేదని, ఆ ఫొటో కోర్టుకు చూపించమని బతిమాలాడు. చూపిస్తానన్నాను. నిజం కూడా అదే కదా, మీ దగ్గరున్న ఫొటోలో చూడండి, ఆయన చేతిలో ఏమీ లేదు.

ఇక మిమ్మల్ని అడిగేది ఒక్కటే. మీ కోర్టు ముద్రతో నాకొక సర్టిఫికెట్ కావాలి. 'ఫిర్మాన్ కజెల్ మాకు నమ్మకమైన ఇన్‌ఫార్మర్' అని ఒక్క ముక్క చాలు. సంతలో కొట్టు ముందు కట్టుకుంటాను. ఒదిల్ అద్దాల ఫ్రేమ్ కూడా తీసి ఉంచింది.

ఎల్లప్పుడూ మీ ఇన్‌ఫార్మర్,
ఫిర్మాన్ కజెల్

తా.క. కంపెనీవాళ్లు వచ్చే ఏడాదికి మళ్లీ ఆ చెక్క అడుగుతున్నారట. నిన్న ఒదిల్ నన్ను సలహా అడిగింది. మనకంటూ సిద్ధాంతాలున్నాయి కదా అన్నాను. ఆమె వంటింట్లో నా కుర్చీ మీదకు వాన కారుతున్న చోటు చూపించింది. కుర్చీ పక్కకు జరుపుకున్నాను. అక్కడా కారుతోంది.